బాత్రూంలో టవల్స్ ముక్కిన వాసన, ఎన్నిసార్లు ఉతికినా మళ్ళీ వస్తోంది. ఎవరికైనా పూర్తిగా తగ్గిందా?

మద్దిలపాలెం_అమ్మ:

అందరికీ నమస్కారం అండి. మాది వైజాగ్, మద్దిలపాలెం దగ్గర అపార్ట్‌మెంట్‌లో రెండో ఫ్లోర్. ఈ ఇంట్లోకి వచ్చి పది నెలలైంది, ఎండాకాలం అంతా ఏ ఇబ్బందీ లేదు, జూన్ నెలాఖర్లో వానలు పట్టుకున్న దగ్గర్నుంచీ బాత్రూంలో ఉన్న టవల్స్ అన్నీ ముక్కిన వాసన. చాలా రోజులు తియ్యని బియ్యం డబ్బా మూత తీస్తే వస్తుంది చూడండి, అలాంటి వాసనకి కొంచెం పులుపు కలిసినట్టు ఉంటుంది. అర్థం కానిది ఏంటంటే ఉతికి ఆరేసి మడత పెట్టేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే ఏమీ ఉండదు, సబ్బు వాసనే వస్తుంది, తీరా స్నానం చేసి మొహం తుడుచుకోగానే ఆ తడి తగిలీ తగలగానే గుప్పుమంటుంది.

బాత్రూం చిన్నది, సుమారు 7 బై 5 అడుగులు. కిటికీ లేదు, డక్ట్‌లోకి ఒక వెంటిలేటర్ ఉంది, దాన్లోనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టారు. తలుపు వెనక స్టీల్ రాడ్ ఒకటి, దాని మీదే మా నలుగురి (నేను, మా వారు, అత్తయ్య, పాప) టవల్స్ రెండు మడతలు వేసి పక్కపక్కనే వేస్తాం. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో వేస్తాను, లిక్విడ్ డిటర్జెంట్, చివర్లో సాఫ్టెనర్. వాసన మొదలయ్యాక లిక్విడ్ రెట్టింపు పోస్తున్నాను, సాఫ్టెనర్ కూడా పెంచాను, అయినా ఇంకా ఎక్కువైందే తప్ప తగ్గలేదు. బాల్కనీలో ఎండ పొద్దున ఒక గంట వస్తుంది, అది కూడా వాన లేని రోజున.

ఇంత పెద్దగా ఎందుకు రాస్తున్నానంటే మొన్న శ్రావణ శుక్రవారానికి మా ఆడపడుచు వచ్చింది. ఉతికిన టవలే ఇచ్చాను. ఏమీ అనలేదు కానీ మర్నాడు పొద్దున తన బ్యాగ్‌లోంచి తన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది. ఇల్లంతా కడిగి ముగ్గేసి పెట్టుకున్నాక ఆ ఒక్క విషయానికి నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. మా నాలుగేళ్ళ పాప కూడా "అమ్మా నీ చీర కొంగుతో తుడు, ఇది వద్దు" అంటోంది. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్. టవల్స్ అన్నీ పారేసి కొత్తవి కొనుక్కోవాలా, లేక వేరే దారి ఉందా?

గోదారి_గట్టు:

అమ్మా పారెయ్యక్కర్లేదు, కంగారు పడకు. మాది రాజమండ్రి, వానాకాలం అంటే మాకు బట్టలారే కాలం కాదు, నలభై ఏళ్ళ నుంచి ఇదే పోరాటం. నువ్వు చెప్పిన దాంట్లో రెండు తప్పులు కనపడుతున్నాయి, సబ్బు రెట్టింపు చేశావు, మెత్తదనానికి పోసేది కూడా పెంచావు. ఆ రెండూ ఆపెయ్యి ముందు. అవి టవల్ కుచ్చుల్లో పేరుకుని జిడ్డులా పడతాయి, పైన కొత్త వాసన వేసినట్టు అవుతుందే కానీ లోపలిది లోపలే ఉండిపోతుంది.

నేను చేసేది చెప్తాను, ఆదివారం పొద్దున పెట్టుకో, తొందర్లో అయ్యే పని కాదు ఇది. కిరాణా కొట్లో బట్టల సోడా అడుగు, చాకలి సోడా అన్నా ఇస్తారు, వంటసోడా కాదు గుర్తుపెట్టుకో, అది ఈ పనికి చాలదు. పెద్ద బకెట్‌లో గీజర్ నీళ్ళు బాగా వేడిగా ముప్పావు వంతు పట్టి, స్టవ్ మీద కాగిన నీళ్ళు ఒక గిన్నెడు దాన్లో కలుపు. మరిగే నీళ్ళు ఉత్త ప్లాస్టిక్ బకెట్‌లో పొయ్యకు, మెత్తబడి వంగుతుంది, ముందు గీజర్ నీళ్ళు ఉండాలి. మూడు పెద్ద చెంచాల సోడా వేసి కర్రతో కలిపి, కరిగాక రెండు టవల్స్ మాత్రమే వెయ్యి, నాలుగూ కుక్కితే నీళ్ళు లోపలికి పోవు. గంట వదిలేయి. తీసేటప్పుడు నీళ్ళు చూడు, శుభ్రంగా ఉతికాం అనుకున్న టవల్లోంచి టీ రంగు నీళ్ళు దిగుతాయి. మా కోడలు మొదటిసారి చూసి నమ్మలేదు, ఇప్పుడు తనే చేస్తోంది.

ఆ తర్వాత సగం సబ్బుతో ఉతికి, రెండుసార్లు బాగా జాడించు. నీళ్ళల్లో నురగ రావడం ఆగేదాకా జాడించాలి. సోడా నీళ్ళల్లో చేతులు పెట్టకు, చర్మం పగులుతుంది, గ్లౌజులు వేసుకో. అల్యూమినియం గిన్నెలో కలపొద్దు, గిన్నె నల్లబడి పాడవుతుంది, స్టీలుదో ప్లాస్టిక్‌దో వాడు. ముదురు రంగు టవల్స్ విడిగా, ఎరుపు మీద మరీ జాగ్రత్త.

పూర్వం రేవులో బట్టలకి ఉబ్బ పెట్టేవాళ్ళు, పెద్ద బానలో చౌడు కలిపిన బట్టలు పెట్టి కింద మంట వేస్తే ఆవిరికి ఉడికేవి. అవి ఇంటికొస్తే ఎంత శుభ్రంగా ఉండేవో మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. వేడీ సోడా గుణమూ అక్కడా ఇక్కడా ఒకటే.

సెకండ్_ఫ్లోర్_బ్రో:

అంత కష్టం ఎందుకు అండి, బాత్రూంలో నాలుగు కలరా ఉండలు వేలాడదీయండి, టవల్స్ మడత పెట్టే అల్మారాలో రెండు వెయ్యండి, వాసన అన్నది ఉండదు. మేం బ్యాచిలర్స్ రూంలో అలాగే చేస్తాం.

ల్యాబ్_తమ్ముడు:

బ్రో, ఆ ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, దయచేసి ఆ సలహా వద్దు. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి అది తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి, ఆ లోపం ఉందని చాలామందికి పరీక్ష చేయించేదాకా తెలియదు కూడా. పిల్లలు మొహం తుడుచుకునే గుడ్డల దగ్గర అది అసలు ఉండకూడదు. చిట్టి చేతులకి తెల్ల బిళ్ళలా కనపడి నోట్లో పెట్టుకునే ప్రమాదం ఇంకోటి.

అక్కా, మీరు "ఆరితే వాసన ఉండదు, తడి తగిలితే వస్తుంది" అన్నారు కదా, సమస్య అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నేను మైక్రోబయాలజీ చదివి గుంటూరు దగ్గర ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. వాసన టవల్‌ది కాదు, దాంట్లో బతుకుతున్న బ్యాక్టీరియాది. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అని ఒకటి ఉంది, మన ఇళ్ళల్లో మామూలుగానే ఉంటుంది. మన ఒంటి నుంచి టవల్‌కి అంటిన నూనె, చనిపోయిన చర్మపు పొట్టు తింటూ ఒక ఆమ్లాన్ని తయారు చేస్తుంది, దాని పేరు 4-మిథైల్-3-హెక్సెనాయిక్ యాసిడ్. 2012లో జపాన్ పరిశోధకులు ఉతికిన బట్టల్లో వచ్చే ఈ వాసనకి కారణం ఇదీ అని పట్టుకున్నారు. చాలా కొంచెం ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది. టవల్ ఎండగానే బ్యాక్టీరియా నిద్రలోకి పోయినట్టు ఊరుకుంటుంది, మళ్ళీ తడి తగలగానే లేస్తుంది, అందుకే మడత పెట్టేటప్పుడు మీకు తెలియట్లేదు.

ఇంకో మాట, అందరం "ఎండలో పడేస్తే చచ్చిపోతాయి" అనుకుంటాం. ఈ రకం బ్యాక్టీరియా ఎండిపోవడాన్ని, అతినీలలోహిత కిరణాల్ని కూడా బాగానే తట్టుకుంటుందని అదే పరిశోధనలో తేలింది. ఎండ ఉపయోగం లేదని కాదు, ఎండలో వేస్తే తొందరగా ఆరుతుంది, తడి లేనంతసేపూ అవి పెరగవు. కానీ ఒకసారి బాగా పట్టేశాక ఎండ ఒక్కటే సరిపోదు. చంపేది వేడి. పైన ఆంటీ గారు చెప్పిన వేడి నీళ్ళు, సోడా అందుకే పని చేస్తాయి. మీ మెషీన్‌లో కాటన్ 60 డిగ్రీలు అని ఉంటే అది పెట్టండి, రెండు గంటల పైనే పడుతుంది, కరెంటు కొంచెం ఎక్కువే అవుతుంది, వారానికి ఒకసారి చాలు. ఇప్పుడు మీరు ఎన్ని డిగ్రీల మీద ఉతుకుతున్నారో చెప్పలేదు, 30 మీదో క్విక్ వాష్ మీదో అయితే ఆ గోరువెచ్చని నీళ్ళు వాటికి హాయిగా ఉంటాయి.

తెల్ల టవల్స్‌కి బ్లీచ్ వాడాలనుకుంటే వాడండి కానీ ఒక్కటి గట్టిగా చెప్తున్నాను, బ్లీచ్‌తో పాటు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ బాత్రూం కడిగే యాసిడ్ గానీ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని మీ బాత్రూంలో అయితే మరీ ప్రమాదం.

సెకండ్_ఫ్లోర్_బ్రో:

పిల్లల సంగతి నాకు తెలీదు అన్నా, చెప్పి మంచి పని చేశారు. మా రూంలో కూడా తీసేస్తున్నా, మా ఓనర్ వాళ్ళ బాబు రోజూ మా దగ్గర ఆడుకుంటాడు.

కరీంనగర్_వైర్‌మెన్:

అక్కా గిది చదివినంక నాకు ఒకటే అనిపిచ్చింది, మీ ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి గుంజుతలేదు. ఇరవై ఏండ్ల సంది అపార్ట్‌మెంట్లల్ల పని చేస్తున్న, పది ఇండ్లల్ల ఆరిండ్లు గిట్లనే ఉంటయ్. ఇప్పుడే ఒక పని చెయ్యున్రి, బాత్రూం తలుపు మూసి ఫ్యాన్ ఏసి ఒక పల్చటి టిష్యూ కాయితం ఫ్యాన్ జాలీ మీద పెట్టి చేయి ఇడ్వున్రి. అతుక్కొని ఉంటే ఫ్యాన్ మంచిగున్నట్టు. కింద పడితే గాలి పోతలేదన్నట్టు. పడిందనుకోన్రి, తలుపు కొంచెం తెరిచి మల్ల పెట్టి చూడున్రి. అప్పుడు అతుక్కుంటే ఫ్యాన్ తప్పు గాదు, లోపలికి గాలి రానీకి జాగ లేదు. బయటి నుంచి రాకుంటే లోపల్ది బయటికెట్ల పోతది?

మన దగ్గర కొత్త ఫ్లాట్లల్ల డబ్ల్యూపీసీ తలుపులు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినయి) పెడుతున్నరు, కింద ఫ్లోర్‌కు ఆనిచ్చి బిగిస్తున్నరు, నీళ్ళు బయటికి రావద్దని. కింద ముప్పావు ఇంచు సందు ఉండాలె, లేకుంటే తలుపు కింది భాగంలో జాలీ కొట్టియ్యాలె. కార్పెంటర్ గంట పని. అద్దిల్లయితే ఓనర్‌ను అడుగున్రి, లేకుంటే స్నానం అయినంక తలుపు నాలుగు వేళ్ళంత సందు తెరిచిపెట్టి ఫ్యాన్ నడిపియ్యున్రి, గదే పని అయితది.

ఫ్యాన్ ఎంత పెద్దది కావాలె అని మస్తు మంది అడుగుతరు. మీ బాత్రూం 7 బై 5, ఎత్తు 9 అడుగులు అనుకుంటే 315 ఘనపుటడుగులు, అంటే సుమారు 9 క్యూబిక్ మీటర్లు. గంటకు పదిసార్లు గాలి మారాలన్నా 90 క్యూబిక్ మీటర్లు చాలు. ఫ్యాన్ డబ్బా మీద గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లో రాసి ఉంటది, చిన్న ఆరంగుళాల ఫ్యాన్ గూడ దీనికి సరిపోతది. గంతే. పెద్ద ఫ్యాన్ అమ్మనీకి చూస్తే తీస్కోకున్రి.

ఇంకొకటి, ఫ్యాన్ ఎనక రెక్కలుంటయ్, ఫ్యాన్ తిరిగినప్పుడు తెరుచుకొని ఆగినప్పుడు మూసుకునేటివి. దుమ్ము, సబ్బు ఆవిరి పేరుకొని అవి అతుక్కపోతయ్. మెయిన్ బంద్ చేసి ఒక పాత బ్రష్షుతోని కడుగున్రి. స్నానం చేసేటప్పుడు ఒక్కటే గాదు, అయినంక ఇంకో అరగంట నడవాలె. కరెంటు బిల్లు భయం వద్దు, గా చిన్న ఫ్యాన్ ట్యూబ్‌లైట్ అంత గుంజుతది.

మియాపూర్_ఇల్లు:

హైదరాబాద్ నుంచి నా అనుభవం చెప్తాను. మాకు సముద్రం లేదు, గాల్లో మీ అంత తేమ లేదు, అయినా రెండేళ్ళు ఇదే బాధ పడ్డాం. కారణం మెషీన్. ఫ్రంట్ లోడ్ అన్నారు కదా, మూత తీసి ఆ బూడిద రంగు రబ్బరు రింగు మడత వేలితో వెనక్కి లాగి చూడండి. మాకు కింది వైపు మడతలో నల్లగా బంకగా చారికలు, ఒక పిల్లల సాక్సు, రెండు హెయిర్ పిన్నులు, దాని చుట్టూ నిలవ నీళ్ళు కనపడ్డాయి. ఆ నీళ్ళ వాసనా టవల్స్ వాసనా ఒకటే! అంటే శుభ్రం చేద్దామని వేసిన ప్రతిసారీ నేనే వాసన అంటిస్తున్నానన్నమాట.

రబ్బరు మొత్తం వేడి నీళ్ళ గుడ్డతో తుడిచి, కింద చిన్న మూత తీసి ఫిల్టర్ కడిగి, ఖాళీ మెషీన్‌ని టబ్ క్లీన్ మీద తిప్పాను. ఇప్పుడు నెలకోసారి చేస్తాను. బట్టలు తీశాక మూత తెరిచే ఉంచుతాను, సబ్బు పెట్టె కూడా బయటికి లాగి ఉంచుతాను (మీకు పాప ఉంది కాబట్టి మూత తెరిచి పెట్టేటప్పుడు లోపలికి దూరకుండా చూసుకోండి). ఉతకడం అయిపోయాక బట్టలు గంటల తరబడి లోపలే ఉంచడం కూడా మానేశాను, రాత్రి వేసి పొద్దున తీసే అలవాటు ఉండేది.

మాది బోరు నీళ్ళు, కాల్షియం ఎక్కువ, బకెట్ అంచున తెల్లగా కట్టేస్తుంది. అలాంటి నీళ్ళల్లో సబ్బు సరిగ్గా కరగదు, ముద్దగా టవల్‌కి పట్టుకుంటుంది, ఆరితే అట్టలా బిరుసుగా నిలబడుతుంది, దాంతో మెత్తగా అవడానికి సాఫ్టెనర్ పోస్తాం, అది ఇంకో పొర. ఒక చిన్న పరీక్ష చెప్తాను, ఆరిన టవల్ పరిచి మధ్యలో చెంచాడు నీళ్ళు పొయ్యండి. వెంటనే పీల్చుకోకుండా నీళ్ళు ముత్యంలా నిలబడితే సాఫ్టెనర్ పొర కట్టేసిందని అర్థం. ఒళ్ళు తుడవాల్సిన గుడ్డ నీళ్ళు పీల్చకపోతే దేనికి పనికొస్తుంది. ఇంకోటి, ఉతికిన టవల్‌నే బకెట్ వేడి నీళ్ళల్లో వేసి చేత్తో తిప్పండి, నురగ వస్తే సబ్బు ఇంకా లోపలే ఉంది. మాకు మూడు బకెట్లు మార్చినా నురగ వచ్చింది.

సాఫ్టెనర్ బదులు ఆఖరి నీళ్ళల్లో అరకప్పు తెల్ల వెనిగర్ వేస్తాను, ఆరాక దాని వాసన ఉండదు. పైన తమ్ముడు చెప్పినట్టు బ్లీచ్ వాడిన రోజు మాత్రం వెనిగర్ జోలికి పోను.

పెదవాల్తేరు_మాస్టారు:

అమ్మా, నేనూ వైజాగే. రిటైరయి తొమ్మిదేళ్ళు. ఈ ఊళ్ళో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అది వెళ్ళాక అక్టోబరు నవంబరులో ఈశాన్య రుతుపవనాలు, అల్పపీడనాలు. అంటే నీకు దగ్గర దగ్గర ఆరు నెలలు గాలిలో నీరే. అందుచేత ఉతకడం గురించి ఎంత చెప్పుకున్నా, ఆరేసే చోటు మార్చకపోతే మళ్ళీ పదిహేను రోజులకి మొదటికొస్తుంది.

నువ్వు రాసిన దాన్లో నాకు గుచ్చుకున్నది తలుపు వెనక రాడ్. నాలుగు టవల్స్, రెండేసి మడతలు, తలుపు తెరిస్తే గోడకి నొక్కుకుపోతాయి. ఆ మడత లోపల చెయ్యి పెట్టి చూడు, సాయంత్రానికి కూడా చల్లగా తగులుతుంది. టవల్ ఒంటి పొరగా, అంచు నుంచి అంచుకి పరిచి ఆరెయ్యాలి, పక్కదానితో తగలకూడదు. బాత్రూంలో అంత చోటు ఉండదు గనక బాత్రూంలో ఉంచనే కూడదు. మా ఇంట్లో హాలుకి వంటింటికి మధ్య నడవలో దండెం కట్టాను, పైన సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది. స్నానం చేసి వచ్చినవాళ్ళు ఎవరి తువ్వాలు వాళ్ళు ఒకసారి గట్టిగా విదిలించి దాని మీద వెయ్యాల్సిందే, మా మనవడితో సహా. ఇంటికొచ్చినవాళ్ళకి దండెం కనపడితే బాగుండదని మా ఆవిడ మొదట్లో అభ్యంతరం చెప్పింది, వాసన తగ్గాక తనే ఇంకో తాడు కట్టమంది.

రెండో సంగతి టవల్ మందం. ఇప్పుడు హోటల్లో ఇచ్చినట్టు మందపాటివి కొంటున్నారు. లెక్క చూడు. 75 బై 150 సెంటీమీటర్ల టవల్ చదరపు మీటరుకి 600 గ్రాముల రకం అయితే ఒక్కోటి 675 గ్రాములు తూగుతుంది. అదే 300 గ్రాముల రకం అయితే 340 లోపు. దూది ఎంత ఉంటే అంత నీరు పట్టి ఉంచుతుంది. మన పెద్దవాళ్ళు భుజాన వేసుకున్న పలచటి నేత తువ్వాలు ఈ వాతావరణానికి పుట్టింది. పొద్దున తుడుచుకుని దండెం మీద వేస్తే టిఫిను తిని లేచేసరికి సగం ఆరేది. నేను ఇప్పటికీ అదే వాడతాను. అత్తగారికి, పాపకి ముందు అవి కొను. మందంవి చలికాలం కోసం దాచు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఇంట్లో ప్రతి గుడ్డా తడిసింది. మా అమ్మ అప్పుడు బతికే ఉంది, పాత పంచెలు రెండు చించి తుండుగుడ్డలు చేసి ఇచ్చింది. ఆ వారం రోజులూ ఇంట్లో ఆరిన గుడ్డ అంటే అవే. అప్పట్నుంచే నాకు మందపాటి టవల్ అంటే నమ్మకం పోయింది.

లండన్_పెద్దాపురం:

మాది పెద్దాపురం దగ్గర పల్లె, ఇప్పుడు తూర్పు లండన్‌లో ఉంటున్నాం. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ ఎండలో ఆరేసేది లేదు, కిటికీ తెరిస్తే చలి, మూస్తే చెమ్మ. మేం డీహ్యూమిడిఫయర్ (గాల్లో తేమని లాగేసే మెషీన్) కొన్నాం, తడిబట్టల స్టాండు పక్కన పెట్టి ఆ గది తలుపు మూసేస్తే రాత్రికి రెండు లీటర్ల దాకా నీళ్ళు దాని డబ్బాలోకి దిగుతాయి. ఆ నీళ్ళు పొద్దున పారబోస్తుంటే అర్థమవుతుంది ఇవన్నీ గోడలు పీల్చుకునేవి కదా అని. వైజాగ్‌లో అయితే ఏసీ ఉన్న గదిలో డ్రై మోడ్ పెట్టి రెండు గంటలు వేసినా అదే పని చేస్తుంది, వరసగా ముసురు పట్టిన రోజుల్లో ప్రయత్నించి చూడండి.

మద్దిలపాలెం_అమ్మ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఒక్కొక్కటీ చేసి చూసి చెప్దామని ఆగాను.

ముందు మెషీన్ రబ్బరు చూశాను. మియాపూర్ గారు చెప్పినట్టే, నల్లటి బంక, పాప రబ్బరు బ్యాండ్లు మూడు. ఆ మడతలో అంత మురికి ఉందని ఇన్ని రోజులు నాకు తట్టనే లేదు. కడిగి ఖాళీగా రెండుసార్లు తిప్పాను. ఆ ఆదివారం గోదారి గట్టు ఆంటీ గారి పద్ధతిలో రెండేసి టవల్స్ చొప్పున సోడా నీళ్ళల్లో వేశాను. టీ రంగు అన్నారు ఆంటీ, మాది కాఫీ రంగు దిగింది, మా అత్తయ్య బకెట్ దగ్గరే స్టూల్ వేసుకుని కూర్చుని చూశారు. నురగ ఆగేదాకా జాడించడానికి ఐదు బకెట్లు పట్టింది. తమ్ముడు అడిగినట్టు నేను ఉతుకుతున్నది 30 డిగ్రీల క్విక్ వాష్ మీదే, ఇప్పుడు వారానికోసారి టవల్స్ మాత్రం 60 మీద వేస్తున్నాను, సాఫ్టెనర్ మానేశాను. టిష్యూ పరీక్షలో తలుపు మూస్తే కాయితం కింద పడింది, తెరిస్తే అతుక్కుంది, కరీంనగర్ అన్న చెప్పింది చెప్పినట్టు. ఓనర్ గారితో మాట్లాడితే తలుపు కింద జాలీ కొట్టించడానికి ఒప్పుకున్నారు.

నాలుగులో మూడు టవల్స్ బాగైపోయాయి. ఒక్కటి మాత్రం, రాడ్‌కి చివర గోడ పక్కన వేసేది, మా వారిది, వారం తిరక్కుండా మళ్ళీ అదే వాసన. అదే టవల్ ఎందుకు అని రెండు రోజులు తల పట్టుకున్నాను. దాన్ని ఇవతలి చివరకి మార్చి నా టవల్ అక్కడ వేశాను, నాలుగో రోజుకి నాది వాసన మొదలు, వారిది తగ్గింది. అప్పుడు అనుమానం వచ్చి ఆ మూల గోడకి అరచెయ్యి ఆనించి చూస్తే టైల్స్ పైన సున్నం ఉన్న చోట చల్లగా, నెమ్మెక్కి ఉంది, గోరుతో గీకితే పెయింట్ పొరలుగా ఊడింది. ప్లంబర్ వచ్చి చూసి పైఫ్లోర్ వాళ్ళ గీజర్ పైపు జాయింట్ దగ్గర కారుతోందని తేల్చాడు. పైవాళ్ళు మంచివాళ్ళు, మర్నాడే బాగు చేయించారు, గోడ ఆరడానికి మాత్రం నెల పైనే పడుతుందన్నాడు. అందాకా ఆ మూల ఏమీ తగిలించట్లేదు.

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టు పలచటి నేత తువ్వాళ్ళు ఆరు తీసుకున్నాం. బాల్కనీ తలుపు పక్కన ఫ్యాన్ కింద దండెం కట్టాం. మా పాప తన తువ్వాలు తనే విదిలించి వెయ్యాలని స్టూల్ ఎక్కుతోంది, చెయ్యి అందక సగం కింద వేలాడుతూ ఉంటుంది, నేను వెళ్ళి సరిచేస్తాను. దసరాకి ఆడపడుచు మళ్ళీ వస్తానంది, ఈసారి బ్యాగ్‌లో తువ్వాలు పెట్టుకోవద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఒక్క సందేహం మిగిలింది. ఆ గోడ ఆరాక మళ్ళీ పెయింట్ వేసే ముందు ఏదైనా కొట్టించాలా, లేక గీకి సున్నం వేస్తే సరిపోతుందా?

కరీంనగర్_వైర్‌మెన్:

గీకుడు ఒక్కటే సరిపోదు అక్కా. ఊడే పెయింట్, పుట్టీ మొత్తం తీపియ్యున్రి, లోపల సిమెంట్ కనపడేదాక. తర్వాత ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కవర్ ముక్క గోడకు నాలుగు దిక్కుల టేప్ ఏసి అతికియ్యున్రి. రెండు రోజులకు కవర్ లోపలి దిక్కు నీళ్ళ చుక్కలు కనపడితే గోడ ఇంకా ఆరలేదు, పెయింట్ ముచ్చట అప్పుడే ఎత్తకున్రి. పొడిగ ఉంటే అప్పుడు వాటర్‌ప్రూఫ్ కోటు, దాని మీద పుట్టీ, పెయింట్. తొందరపడి ఏస్తే మల్ల ఉబ్బుతది.

మద్దిలపాలెం_అమ్మ:

కవర్ ఇవాళే అతికించాను అన్నా. ఎల్లుండి చూసి చెప్తాను.